మైక్రాన్, నానో, ఆంగ్‌స్ట్రామ్: మెట్టు తప్పకుండా మార్చుకోవడం ఎలా

డిగ్రీ ఫిజిక్స్ ల్యాబ్‌లో గ్రేటింగ్ ప్రయోగం చేసిన వాళ్లకి ఆ చీకటి గది గుర్తుండే ఉంటుంది. సోడియం దీపం మొదట ఎర్రగా వెలిగి, వేడెక్కాక మెల్లగా పసుపుకి వస్తుంది, అప్పటిదాకా ఆగాలి. తర్వాత స్పెక్ట్రోమీటర్ టెలిస్కోపుకి కన్ను ఆనించి, పసుపు గీత మీదికి క్రాస్‌వైర్ తెచ్చి, వెర్నియర్‌ని టార్చ్ వెలుగులో చదువుకోవాలి. మా గ్రేటింగ్ మీద అంగుళానికి 15,000 గీతలు, అంటే సెంటీమీటర్‌కి సుమారు 5,906. నాకు కోణం 20 డిగ్రీల 22 నిమిషాలు వచ్చింది. దాని సైన్ విలువ 0.348, దాన్ని 5,906తో భాగిస్తే వెలుగు తరంగదైర్ఘ్యం 5.89 × 10⁻⁵ వస్తుంది. రీడింగ్ అంత చక్కగా వచ్చినందుకు ఎంత సంతోషం వేసిందో. కానీ రికార్డులో రాసేటప్పుడు ఆ జవాబు సెంటీమీటర్లలో ఉందన్న సంగతి మర్చిపోయి, మీటర్లే అనుకుని, మీటర్‌కి 10¹⁰ ఆంగ్‌స్ట్రామ్‌లు కదా అని 10¹⁰తో గుణించి "5,89,000 ఆంగ్‌స్ట్రామ్‌లు" అని రాసేశాను. లెక్చరర్ గారు ఎర్ర ఇంకుతో దాని చుట్టూ సున్నా చుట్టి పక్కన ఒక్క మాట రాశారు: "వెలుగు వెంట్రుకంత లావుందా?"

ఆ మాట అర్థం కావడానికి నాకు సాయంత్రం దాకా పట్టింది. 5,89,000 ఆంగ్‌స్ట్రామ్‌లంటే 58.9 మైక్రోమీటర్లు. మనిషి తల వెంట్రుక మందం సుమారు 50 నుంచి 100 మైక్రోమీటర్లు. అంటే పసుపు వెలుగు తరంగదైర్ఘ్యాన్ని నేను నిజంగానే వెంట్రుకంత చేసి పెట్టాను. అసలు జవాబు 5,890 ఆంగ్‌స్ట్రామ్‌లు, అంటే 589 నానోమీటర్లు, నేను రాసిన దాంట్లో వందో వంతు.

ఇప్పుడు ఇంటర్ పిల్లలకి ట్యూషన్ చెబుతున్నాను, ప్రతి బ్యాచ్‌లోనూ ఇదే కథ. ఫార్ములా కరెక్టు, సబ్‌స్టిట్యూషన్ కరెక్టు, చివర యూనిట్ మార్చేటప్పుడు జవాబు వెయ్యి రెట్లు పెరగడమో తగ్గడమో. పాయింటు ఎడమకి జరపాలా, కుడికి జరపాలా అని బట్టీ పట్టిన వాళ్లే ఎక్కువగా తప్పుతున్నారు, ఎందుకంటే పరీక్ష టెన్షన్‌లో ముందు ఎగిరిపోయేది ఆ ఎడమా కుడీయే. అందుకే నేను చెప్పే పద్ధతిలో బట్టీ పట్టేది చాలా తక్కువ, జవాబు వచ్చాక దాన్ని నమ్మొచ్చో లేదో చూసుకోవడం ఎక్కువ.

ముందు మెట్లు

పాత ఊళ్లలో దిగుడుబావి చూసే ఉంటారు. పైన గట్టు, అక్కణ్నుంచి నీళ్ల దాకా మెట్లు. ఆ గట్టుని మీటర్ అనుకోండి. మొదటి మెట్టు మిల్లీమీటర్, రెండోది మైక్రోమీటర్, మూడోది నానోమీటర్, నాలుగోది పికోమీటర్, ఐదోది ఫెమ్టోమీటర్. ప్రతి మెట్టుకీ వెయ్యి తేడా. మీటర్‌లో వెయ్యో వంతు మిల్లీ, మిల్లీలో వెయ్యో వంతు మైక్రో, మైక్రోలో వెయ్యో వంతు నానో, అలా కిందిదాకా. ఘాతాలు కూడా మెట్టుకి మూడు చొప్పున దిగుతాయి: −3, −6, −9, −12, −15. ఈ ఐదు పేర్లూ వరసగా నోటికి వస్తే చాలు.

ఇక మార్చడం అంటారా, అది చిల్లర మార్చడం లాంటిదే. ఐదొందల నోటు ఇచ్చి పది రూపాయల నోట్లు అడిగితే చేతికి యాభై నోట్లు వస్తాయి. డబ్బు అంతే ఉంది, నోటు చిన్నదైంది కాబట్టి నోట్ల సంఖ్య పెరిగింది. పొడవు కూడా అంతే. యూనిట్ చిన్నదైతే అంకె పెద్దదవుతుంది, యూనిట్ పెద్దదైతే అంకె చిన్నదవుతుంది. కాబట్టి బావిలోకి దిగితే గుణించు, పైకి ఎక్కితే భాగించు. ఎన్ని మెట్లో అన్నిసార్లు వెయ్యి.

ఉదాహరణకి 0.07 మిల్లీమీటర్లని నానోమీటర్లలోకి మార్చాలి. మిల్లీ నుంచి నానోకి రెండు మెట్లు దిగాలి. ఒకేసారి దూకకండి, మధ్య మెట్టు మీద కాలు పెట్టండి. 0.07 మిల్లీమీటర్లు అంటే 70 మైక్రోమీటర్లు, 70 మైక్రోమీటర్లంటే 70,000 నానోమీటర్లు. ఇప్పుడు పైకి: 450 నానోమీటర్లు అంటే 0.45 మైక్రోమీటర్లు, అంటే 0.00045 మిల్లీమీటర్లు. మధ్య మెట్టు రాయడానికి ఐదు సెకన్లు పడుతుంది. రాయకుండా దూకేవాళ్లే సున్నాల దగ్గర జారుతున్నారు, ఇది నేను పేపర్లు దిద్దుతూ పదే పదే చూసింది.

మెట్ల వరసలో ఇమడని యూనిట్లు రెండున్నాయి. ఒకటి సెంటీమీటర్, ఇది 10⁻², మీటర్‌కీ మిల్లీమీటర్‌కీ మధ్యలో ఉంటుంది, నన్ను ల్యాబ్‌లో పడేసింది ఇదే. రెండోది ఆంగ్‌స్ట్రామ్, 10⁻¹⁰. నానోకీ పికోకీ మధ్య ఉంటుంది గానీ సరిగ్గా నడిమధ్యలో కాదు, నానోకే దగ్గర. ఒక నానోమీటర్‌కి 10 ఆంగ్‌స్ట్రామ్‌లు, ఒక ఆంగ్‌స్ట్రామ్‌కి 100 పికోమీటర్లు. ఈ పదీ వందా తారుమారు చేసుకోకుండా ఉండాలంటే ఒక్క పరమాణువుని గుర్తు పెట్టుకోండి. హైడ్రోజన్‌లో బోర్ వ్యాసార్ధం (కేంద్రకం నుంచి ఎలక్ట్రాన్ ఉండే దూరం) 0.529 ఆంగ్‌స్ట్రామ్, అదే 0.0529 నానోమీటర్, అదే 52.9 పికోమీటర్లు. మూడు పుస్తకాలు మూడు రకాలుగా రాస్తాయి, మూడూ ఒకటే. కెమిస్ట్రీ పుస్తకంలో పికోలు, ఫిజిక్స్ గైడ్‌లో ఆంగ్‌స్ట్రామ్‌లు కనిపిస్తే కంగారు పడాల్సిన పనేం లేదు.

ఈ ఆంగ్‌స్ట్రామ్ ఎక్కణ్నుంచి వచ్చిందో కూడా చెప్పాలి. ఆండర్స్ ఆంగ్‌స్ట్రామ్ స్వీడన్ శాస్త్రవేత్త, 1814లో పుట్టి 1874లో పోయారు. 1868లో ఆయన సూర్యుడి వర్ణపటాన్ని గీతగీతకీ కొలిచి అచ్చువేశారు. ఆ గీతల తరంగదైర్ఘ్యాలు రాయడానికి మిల్లీమీటర్‌లో కోటి వంతుని కొలమానంగా పెట్టుకున్నారు. అది అధికారిక ఎస్ఐ (అంతర్జాతీయ కొలమానాల పద్ధతి) యూనిట్ కాదు, అయినా స్పెక్ట్రోస్కోపీ చేసేవాళ్లూ స్ఫటికాల మీద పనిచేసేవాళ్లూ దాన్ని వదల్లేదు. వదలకపోవడానికి కారణం ఉంది: పరమాణువుల సైజులూ వాటి మధ్య బంధాల పొడవులూ ఆంగ్‌స్ట్రామ్‌లలో రాస్తే ఒకటి, రెండు, మూడు అని వస్తాయి, సున్నాల గోల ఉండదు.

లక్ష, కోటి మనవే, వాడుకుందాం

మిల్లీమీటర్‌లో కోటి వంతు అన్నాను కదా, నాకు ఇక్కడే మన లెక్క అక్కరకొస్తుంది అనిపిస్తుంది. ఇంగ్లిష్ పుస్తకాలు మిలియన్, బిలియన్ అంటాయి, మన బుర్ర మాత్రం లక్షల్లో కోట్లలో ఆలోచిస్తుంది. సెంటీమీటర్‌కి కోటి నానోమీటర్లు. మిల్లీమీటర్‌కి కోటి ఆంగ్‌స్ట్రామ్‌లు. ఈ రెండు కోట్లు పట్టుకుంటే మిగతావి వాటంతట అవే వస్తాయి. సెంటీమీటర్‌కి పది మిల్లీమీటర్లు కాబట్టి మిల్లీమీటర్‌కి పది లక్షల నానోలు, మీటర్‌కి వంద సెంటీమీటర్లు కాబట్టి మీటర్‌కి వంద కోట్ల నానోలు. చూపుడు వేలి గోరు వెడల్పు సుమారు ఒక సెంటీమీటర్ ఉంటుంది, ఒకసారి దాన్ని చూసి అందులో కోటి నానోమీటర్లు ఉన్నాయనుకోండి. ఏ ఫార్ములా కన్నా అది ఎక్కువ రోజులు గుర్తుంటుంది.

ఒక్క జాగ్రత్త. లక్ష అంటే 10⁵, కోటి అంటే 10⁷. మిలియన్ పది లక్షలు, బిలియన్ వంద కోట్లు. ఇంగ్లిష్ వాక్యంలోంచి తీసుకున్న అంకెని మన లెక్కలోకి తెచ్చేటప్పుడు ఇక్కడ కూడా ఒక మెట్టు జారే అవకాశం ఉంది.

పేర్లు ఎలా గుర్తుంటాయి అని పిల్లలు అడుగుతారు. నానో అంటే గ్రీకులో మరుగుజ్జు. ఫెమ్టో అన్నది డేనిష్, నార్వేజియన్ భాషల్లో పదిహేనుకి వాడే 'ఫెమ్టెన్' అన్న మాట నుంచి వచ్చింది, అందుకే 10⁻¹⁵. దాని కిందది అట్టో, అది 'అట్టెన్', పద్దెనిమిది, కాబట్టి 10⁻¹⁸. మైక్రో, నానో, పికో 1960లో ఎస్ఐతో పాటే వచ్చాయి, ఫెమ్టో, అట్టో 1964లో చేరాయి. పాత న్యూక్లియర్ ఫిజిక్స్ పుస్తకాల్లో ఫెమ్టోమీటర్‌ని ఎన్రికో ఫెర్మీ పేరుతో 'ఫెర్మీ' అని కూడా రాసేవాళ్లు, రెండూ ఒకటే, మార్చాల్సిందేమీ లేదు.

ఘాతాల్లో పెడితే

మెట్ల పద్ధతి ఒక్క అంకెకి బాగానే ఉంటుంది. లెక్కలో మూడు రకాల యూనిట్లు కలిసి వస్తే మాత్రం అన్నిటినీ గట్టు మీదికి, అంటే మీటర్లలోకి తీసుకొచ్చి అప్పుడు లెక్క మొదలుపెట్టాలి. యంగ్ రెండు చీలికల ప్రయోగం తీసుకోండి, ఇంటర్ సెకండియర్‌లో తప్పనిసరిగా ఉంటుంది. చీలికల మధ్య దూరం 0.5 మిల్లీమీటర్, తెర దూరం 1 మీటర్, వెలుగు 6,000 ఆంగ్‌స్ట్రామ్‌లు, పట్టీ వెడల్పు ఎంత?

చీలికల దూరం 0.5 × 10⁻³, అంటే 5 × 10⁻⁴ మీటర్లు. వెలుగు 6,000 × 10⁻¹⁰. చాలామంది తప్పేది ఇక్కడే. ఆరు వేలలో వెయ్యి ఉందన్న సంగతి మర్చిపోయి 6 × 10⁻¹⁰ అని రాసేస్తారు. 6,000 అంటే 6 × 10³, కాబట్టి 6 × 10³ × 10⁻¹⁰ = 6 × 10⁻⁷ మీటర్లు. తరంగదైర్ఘ్యాన్ని తెర దూరంతో గుణించి చీలికల దూరంతో భాగించాలి: 6 × 10⁻⁷ × 1 ÷ (5 × 10⁻⁴) = 1.2 × 10⁻³ మీటర్లు, 1.2 మిల్లీమీటర్లు. పట్టీలు కంటికి కనిపించే సైజులో ఉన్నాయి, ప్రయోగంలో నిజంగానే కనిపిస్తాయి కూడా, కాబట్టి నమ్మొచ్చు. అదే వెయ్యి మర్చిపోతే జవాబు 1.2 మైక్రోమీటర్లు వస్తుంది. బ్యాక్టీరియా అంత పట్టీని ఏ కంటితో చూస్తాం? ఈ ఒక్క ప్రశ్న వేసుకుంటే తప్పు అక్కడికక్కడే దొరికిపోతుంది.

మైనస్ ఘాతాల్లో ఏది పెద్దదన్న అనుమానం కూడా చాలామందికి ఉంటుంది, అడగడానికి మొహమాటపడతారు. 10⁻⁹ కన్నా 10⁻⁶ పెద్దది. తొమ్మిది ఆరు కంటే పెద్దదే, కానీ ఇక్కడ తొమ్మిదంటే బావిలో ఇంకా లోతుకి దిగామని. ఎంత లోతుకి దిగితే అంత చిన్నది.

ఇంకోటి, ఫోటాన్ (వెలుగు రేణువు) శక్తికి వాడే షార్ట్‌కట్. ఎలక్ట్రాన్ వోల్టులలో శక్తి కావాలంటే 12,400ని ఆంగ్‌స్ట్రామ్‌లతో భాగించాలి, లేదా 1,240ని నానోమీటర్లతో భాగించాలి. రెండిట్లో ఏది దేనికో కలగాపులగం చేసుకుంటే పది రెట్లు తేడా వస్తుంది. 620 నానోమీటర్ల ఎర్ర వెలుగుకి 1,240 ÷ 620 = 2 ఎలక్ట్రాన్ వోల్టులు. 12,400 వాడితే 20 వస్తుంది. హైడ్రోజన్ పరమాణువు నుంచి ఎలక్ట్రాన్‌ని ఊడబెరకడానికే 13.6 చాలు, మరి ఎర్ర బల్బు వెలుగుకి 20 ఉంటుందా?

జవాబుని దేనితో పోల్చాలి

నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా విలువైనది ఇదే, దీన్నే ఎవరూ క్లాసులో కూర్చోబెట్టి చెప్పరు. ఒక్కో మెట్టు మీద తెలిసిన వస్తువు ఒకటి పెట్టుకోండి. జవాబు వచ్చాక దాని పక్కన నిలబెట్టి చూడండి.

నూరు మైక్రోమీటర్లకి జెరాక్స్ కాగితం. దీన్ని మీరే కొలిచి చూసుకోవచ్చు. 75 జీఎస్ఎం ఏ4 కాగితాల కొత్త కట్ట తీసుకుని, రేపర్ విప్పి, అంచు మీద కొంచెం అదిమి స్కేలు పెట్టండి. 500 కాగితాలు 5 సెంటీమీటర్లకి అటూ ఇటుగా ఉంటాయి. 50 మిల్లీమీటర్లని 500తో భాగిస్తే 0.1 మిల్లీమీటర్, అంటే 100 మైక్రోమీటర్లు, అంటే లక్ష నానోమీటర్లు. ఆకుపచ్చ వెలుగు తరంగదైర్ఘ్యం సుమారు 500 నానోమీటర్లు కాబట్టి ఒక్క కాగితం మందంలో 200 తరంగాలు పడతాయి. ఏ ఖరీదైన పరికరమూ లేకుండా, పన్నెండు అంగుళాల స్కేలుతో మైక్రోమీటర్ల దాకా వచ్చేశాం. మొదటిసారి ఇది చేసినప్పుడు పిల్లల మొహాలు చూడాలి.

దాని కింద వెంట్రుక, 50 నుంచి 100 మైక్రోమీటర్లు. ల్యాబ్‌లో స్క్రూగేజ్ ఉంటే కొలవండి. పిచ్ 1 మిల్లీమీటర్, హెడ్ మీద 100 గీతలు ఉన్న గేజ్ లీస్ట్ కౌంట్ 0.01 మిల్లీమీటర్, అంటే 10 మైక్రోమీటర్లు. హెడ్ రీడింగ్ 12, జీరో ఎర్రర్ ప్లస్ 4 అనుకుంటే మిగిలేది 8, కాబట్టి వెంట్రుక మందం 0.08 మిల్లీమీటర్, 80 మైక్రోమీటర్లు. ఈ గేజ్ 10 మైక్రోమీటర్ల కన్నా చిన్న తేడాని పట్టలేదు, కాబట్టి దీంతో కొలిచి 83.4 మైక్రోమీటర్లు అని ఎవరైనా రాస్తే ఆ 3.4 ఎక్కణ్నుంచి వచ్చిందని అడగాల్సిందే.

తర్వాత ఎర్ర రక్తకణం, అడ్డంగా 7 నుంచి 8 మైక్రోమీటర్లు. మన పేగుల్లో ఉండే ఈ.కోలై బ్యాక్టీరియా పొడవు సుమారు 2 మైక్రోమీటర్లు. కంటికి కనిపించే వెలుగు 400 నుంచి 700 నానోమీటర్లు. కరోనా వైరస్ సుమారు 100 నానోమీటర్లు. డీఎన్ఏ నిచ్చెన వెడల్పు 2 నానోమీటర్లు, దాని మెట్టుకీ మెట్టుకీ మధ్య 0.34 నానోమీటర్, అంటే 3.4 ఆంగ్‌స్ట్రామ్‌లు. పరమాణువు ఒకటి రెండు ఆంగ్‌స్ట్రామ్‌లు. ప్రోటాన్ వ్యాసార్ధం 0.84 ఫెమ్టోమీటర్. పరమాణువుకీ ప్రోటాన్‌కీ మధ్య ఎంత ఖాళీ ఉందో గమనించండి: ఆంగ్‌స్ట్రామ్ 10⁻¹⁰, ఫెమ్టోమీటర్ 10⁻¹⁵, తేడా ఐదు ఘాతాలు, అంటే లక్ష రెట్లు.

బైపీసీ వాళ్లకి డీఎన్ఏ లెక్క తప్పకుండా వస్తుంది. మన కణంలో బేస్ జతలు, అంటే ఆ నిచ్చెన మెట్లు, 6.6 × 10⁹, ఒక్కో జతకీ 0.34 × 10⁻⁹ మీటర్లు. గుణిస్తే 10⁹, 10⁻⁹ కొట్టుకుపోయి 6.6 × 0.34 మిగులుతుంది, సుమారు 2.2 మీటర్లు. తొమ్మిదీ తొమ్మిదీ కొట్టుకుపోవడం చూస్తే ఘాతాల్లో రాయడం ఎంత హాయో తెలుస్తుంది. అదే సున్నాలు పెట్టుకుంటూ పోతే పేజీ నిండుతుంది గానీ జవాబు రాదు.

వైశాల్యం దగ్గర మోసపోకండి

ఒక గజానికి మూడు అడుగులు. మరి రెండొందల గజాల ప్లాటు అంటే ఎన్ని చదరపు అడుగులు? ఆరొందలు అని మన ఊళ్లో ఎవరూ అనరు, 1,800 అంటారు, ఎందుకంటే చదరపు గజానికి తొమ్మిది చదరపు అడుగులు. ప్లాటు దగ్గర ఇంత చురుగ్గా ఉండే మనమే మైక్రోమీటర్ల దగ్గరికి వచ్చేసరికి చదరపు మైక్రోమీటర్‌కి వెయ్యి చదరపు నానోమీటర్లు అని రాసేస్తాం. వెయ్యి కాదు, వెయ్యి వేలు, అంటే పది లక్షలు. ఘనపు మైక్రోమీటర్‌కైతే వంద కోట్ల ఘనపు నానోమీటర్లు. యూనిట్ మీద రెండు ఉంటే ఘాతాన్ని రెట్టింపు చేయండి, మూడు ఉంటే మూడింతలు చేయండి.

ఇది పరీక్షకే పరిమితం కాదు. ఇంట్లో ఎవరిదైనా సీబీపీ (రక్తకణాల పరీక్ష) రిపోర్టు ఉంటే తీసి చూడండి. ఎంసీవీ అని ఒక వరస ఉంటుంది, పెద్దవాళ్లకి మామూలుగా 80 నుంచి 100 ఫెమ్టోలీటర్లు. అది ఒక్కో ఎర్ర రక్తకణం సగటు ఘనపరిమాణం. ఫెమ్టోలీటర్ అంటే ఎంత? లీటర్ అంటే ప్రతి వైపూ 10 సెంటీమీటర్లున్న డబ్బా. 10 సెంటీమీటర్లంటే లక్ష మైక్రోమీటర్లు. లక్ష × లక్ష × లక్ష = 10¹⁵. అంటే లీటర్‌లో 10¹⁵ ఘనపు మైక్రోమీటర్లు పడతాయి, కాబట్టి ఒక ఫెమ్టోలీటర్ సరిగ్గా ఒక ఘనపు మైక్రోమీటర్. ఎంసీవీ 90 అంటే 90 ఘనపు మైక్రోమీటర్లు. 7 మైక్రోమీటర్ల చప్పిడి బిళ్లకి అది సరిపోయే సైజే.

మ్యూ పోయి ఎమ్ వచ్చిందా చూసుకోండి

మైక్రోకి వాడే గుర్తు మ్యూ అనే గ్రీకు అక్షరం. పాత డీటీపీ ఫైళ్లలో దాన్ని సింబల్ ఫాంట్‌లో ఎమ్ కొట్టి తెచ్చేవాళ్లు. ఫైలు ఇంకో కంప్యూటర్‌లో తెరిచినప్పుడో, ఫాంట్ మార్చినప్పుడో ఆ మ్యూ కాస్తా మళ్లీ మామూలు ఎమ్ అయిపోతుంది. మైక్రోమీటర్ మిల్లీమీటర్ అయిపోతుంది, వెయ్యి రెట్లు, ఒక్క అక్షరం తేడాతో. మా ట్యూషన్ పిల్లాడు తెచ్చిన ప్రింటెడ్ మెటీరియల్‌లో ఎర్ర రక్తకణం వ్యాసం 7 మిల్లీమీటర్లు అని ఉంది. శనగ గింజంత. పిల్లలు దాన్నే బట్టీ పట్టి రాశారు, అందుకే నాకు బాధ. మెటీరియల్‌లో ఉన్నా సరే, వస్తువుతో పోల్చకుండా ఏ అంకెనీ నమ్మొద్దని అప్పట్నుంచి మొదటి క్లాసులోనే చెబుతున్నాను.

క్యాలిక్యులేటర్ వాడేవాళ్లకి ఇంకో మాట. 10⁻⁹ కొట్టాలంటే ఎక్స్‌పీ బటన్‌కి ముందు 1 నొక్కాలి, 10 కాదు. ఆ బటన్‌లోనే "పది టు ది పవర్" ఉంది. 10 కొట్టి ఎక్స్‌పీ మైనస్ 9 కొడితే 10⁻⁸ వస్తుంది, ప్రతి జవాబూ పది రెట్లు తప్పు. ఎక్సెల్‌లో 5ఈ-07 అని కనిపిస్తే భయపడకండి, అది 5 × 10⁻⁷, మీటర్లైతే 500 నానోమీటర్లు.

బయట వినిపించే మైక్రాన్లు

మైక్రాన్, మైక్రోమీటర్ ఒకటే. మైక్రాన్ అన్న పేరుని 1967లో అధికారికంగా తీసేశారు, అయినా లేత్ షాపుల్లో, పెయింట్ పనిలో, కవర్ల దుకాణంలో ఇప్పటికీ అదే మాట. మన దేశంలో ప్లాస్టిక్ క్యారీబ్యాగ్ మందం 2022 డిసెంబర్ 31 నుంచి 120 మైక్రాన్లకి తగ్గకూడదు. అది 0.12 మిల్లీమీటర్, జెరాక్స్ కాగితం కన్నా కొంచెం మందం. స్క్రూగేజ్‌తో కొలిచేటప్పుడు కవరు ఒక్క పొరనే పెట్టాలి, రెండు పొరలూ కలిపి పట్టేస్తే 60 మైక్రాన్ల కవరు కూడా 120 చూపిస్తుంది.

వాటర్ ప్యూరిఫయర్ ప్రకటనల్లో ఆర్వో మెంబ్రేన్ 0.0001 మైక్రాన్ అని రాస్తుంటారు. మెట్టు దిగి చూద్దాం. వెయ్యితో గుణిస్తే 0.1 నానోమీటర్, పదితో గుణిస్తే 1 ఆంగ్‌స్ట్రామ్. నీటి అణువు సైజే సుమారు 2.75 ఆంగ్‌స్ట్రామ్‌లు. ఒక ఆంగ్‌స్ట్రామ్ కన్నంలోంచి నీళ్లే దూరవు కదా, ఇక మనం తాగేదేంటి? కాబట్టి ఆ అంకెని జల్లెడ కన్నం సైజులా చదవకూడదు. రెండుసార్లు గుణించినందుకే ఇంత సంగతి బయటపడింది. ఫోన్ ప్రాసెసర్ల మీద రాసే 3 నానోమీటర్ కూడా అలాంటిదే. సిలికాన్ స్ఫటికంలో ఒక్క గడి వెడల్పు 0.543 నానోమీటర్, అంటే మూడు నానోమీటర్లలో ఐదారు గడులే పడతాయి. అది ఆ తరం చిప్‌కి పెట్టిన పేరు, ట్రాన్సిస్టర్ కొలత కాదు.

ఇన్ని చెప్పాక ఒక లెక్క మీరే చేయండి, కింద జవాబు ఉంది గానీ ముందు కాగితం మీద పెట్టండి. 2021 డిసెంబర్ 25న నింగికెళ్లిన జేమ్స్ వెబ్ టెలిస్కోపు ప్రధాన అద్దం వైశాల్యం సుమారు 25 చదరపు మీటర్లు, దాని మీద బంగారం పూత మందం 100 నానోమీటర్లు. ఎన్ని తులాల బంగారం పట్టి ఉంటుంది? బంగారం ఘనపు సెంటీమీటర్‌కి 19.3 గ్రాములు, తులం 10 గ్రాములు అనుకోండి.

100 నానోమీటర్లంటే 10⁻⁷ మీటర్లు. 25 × 10⁻⁷ = 2.5 × 10⁻⁶ ఘనపు మీటర్లు. ఘనపు మీటర్‌కి పది లక్షల ఘనపు సెంటీమీటర్లు (వంద కాదు, వంద × వంద × వంద), కాబట్టి 2.5 ఘనపు సెంటీమీటర్లు, అర టీస్పూను. దాన్ని 19.3తో గుణిస్తే 48 గ్రాములు, ఐదు తులాలకి రెండు గ్రాములు తక్కువ. నానో బదులు మైక్రో వేసుకున్న వాళ్లకి 48 కేజీలు వచ్చి ఉంటుంది.